కుందేళ్ళ పాట పాడుతూ మా బుచో ఏడ్చేశారు, అందులో ఏముంది?

నిషికసాయి_శ్రీను | ఆదివారం ఉదయం 10:14

అందరికీ నమస్కారం. టోక్యో వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఉండేది నిషికసాయిలో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటే.

మొన్న శుక్రవారం మా బుచోకి వీడ్కోలు పార్టీ. బుచో అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద. ఈ మార్చితో రిటైరవుతున్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన ముఖంలో కోపం గానీ సంతోషం గానీ సరిగ్గా చూసిన గుర్తు లేదు. సర్వర్లు పడిపోయిన రాత్రి కూడా నింపాదిగా టీ తాగుతూ కూర్చున్న మనిషి. భోజనాలయ్యాక కరావోకేకి వెళ్ళాం. చివర్లో ఎవరో 'ఫురుసాతో' అనే పాట పెట్టారు. ఉన్న పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. రెండో చరణం మధ్యలో ఆయన గొంతు ఆగిపోయింది. మైకు పక్కవాడి చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి కళ్ళజోడు తీశారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. పాట మాత్రం ఆపలేదు.

ఇంటికొచ్చి మా పాపని అడిగాను. రెండో తరగతి. వాళ్ళ బడి పిల్లలు వృద్ధాశ్రమానికి వెళ్ళినప్పుడు ఇదే పాడారట, పాటంతా నోటికొచ్చు. "ఆ కొండ మీద కుందేలు రుచిగా ఉంటుందని నాన్నా" అంది.

కుందేలు కూరకి ఇంత పెద్దాయన ఏడవడమేంటండీ? నాకు పని చేసుకునేంత జపనీస్ వచ్చు, పాటలు అర్థమయ్యేంత రాదు. ఇలాంటివి ఇంకేమైనా ఉంటే కూడా చెప్పండి.

నిహోంగో_లత | ఆదివారం ఉదయం 10:52

శ్రీను గారూ, జపాన్ పిల్లలు తరతరాలుగా పడుతున్న పొరపాటే మీ పాపా పడింది, కంగారు పడకండి. పాటలో ఉన్నది 'ఒయిషి'. అది పాత భాష, 'తరిమిన' అని అర్థం. పిల్లలకి తెలిసింది 'ఒయిషీ', అంటే రుచి. అందుకని కుందేళ్ళని తరిమిన కొండ కాస్తా కుందేలు రుచిగా ఉండే కొండ అయిపోతుంది. మనం చిన్నప్పుడు పద్యాలు ఎక్కడపడితే అక్కడ విరిచి అప్పజెప్పలేదూ, అదే సంగతి.

'ఫురుసాతో' అంటే సొంత ఊరు. అసలు పాట ఇది. కుందేళ్ళని తరిమిన ఆ కొండ, చిన్న చేపలు పట్టిన ఆ ఏరు ఇంకా కలలోకి వస్తూనే ఉన్నాయి. రెండో చరణంలో, అమ్మా నాన్నా ఎలా ఉన్నారో, స్నేహితులు క్షేమమేనో, వాన కురిసినా గాలి వీచినా ఊరే గుర్తొస్తోంది అంటాడు. మూడోదానిలో, అనుకున్నది సాధించి ఎప్పటికైనా తిరిగి వెళ్తాను, నా ఊరి కొండలు పచ్చన, నీళ్ళు తేట అంటాడు. అంతే పాట.

1914లో ఆరో తరగతి సంగీతం పుస్తకంలో వచ్చింది. రాసింది తకానో తత్సుయుకి, నాగనో కొండల్లో పల్లెటూరివాడు. బాణీ ఒకానో తెయిచిది, ఆయనది తొత్తోరి. ఒకానో టోక్యోలో ఒక చర్చిలో దశాబ్దాలపాటు ఆర్గాన్ వాయించాడు. మూడు దెబ్బల తాళంలో ఆ పాట ప్రార్థనగీతంలా నడవడానికి అదే కారణమంటారు. అప్పట్లో విద్యాశాఖ పుస్తకాల్లో ఎవరి పేరూ వేసేవారు కాదు. దేశమంతా పాడుకుంటున్న పాట ఎవరిదో చాలా ఏళ్ళదాకా జనానికి తెలియదు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది వేరే. ఆరో తరగతి అంటే పదకొండు, పన్నెండేళ్ళు. ఇంకా ఇల్లే వదలని పిల్లల చేత ఊరు వదిలి వెళ్ళినవాడి పాట పాడిస్తారు. అప్పుడు వాళ్ళకి అందులో కుందేలు తప్ప ఏమీ కనబడదు. మిగతాది ముప్పై ఏళ్ళ తర్వాత ఏ ఆఫీసు పార్టీలోనో వచ్చి మీద పడుతుంది.

ఆనిమే_బాబు | ఆదివారం ఉదయం 11:20

కుందేలు రుచి 😂😂 శ్రీనన్నా మీ పాపకి నా నమస్కారాలు.

నా ఓటు 'సీక్రెట్ బేస్'కి. సప్పొరో అమ్మాయిల బ్యాండ్ జోన్, 2001 ఆగస్టు. సెలవులైపోయాయి, పదేళ్ళ తర్వాత ఆగస్టులో మళ్ళీ కలుద్దాం అని పాట. సరిగ్గా పదేళ్ళకి 2011లో 'అనోహనా' ఆనిమేలో (జపాన్ యానిమేషన్ సిరీస్) చివరి పాటగా పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో విడిపోయిన జోన్ మళ్ళీ స్టేజి ఎక్కింది. వైజాగ్‌లో ఇంజనీరింగ్ హాస్టల్ రూములో నలుగురం చూశాం ఆ సిరీస్. చివరి ఎపిసోడ్ అయ్యాక లైటు వేయమని ఎవడూ అడగలేదు.

సూటి_మాట | ఆదివారం మధ్యాహ్నం 12:05

అడిగానని అనుకోవద్దు. మన పాటలు మనకి లేవా? శ్రీను గారి బుచో ఏడిస్తే అర్థముంది, అది ఆయన బాల్యం. హాస్టల్ రూములో సబ్‌టైటిల్స్ చూసి కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు కొంచెం ఫ్యాషన్‌లాగే కనిపిస్తోంది. పాట వింటున్నారా, అనువాదం చదువుతున్నారా?

ఆనిమే_బాబు | ఆదివారం మధ్యాహ్నం 12:09

చదివే ఏడ్చాను సార్. తప్పా?

కోబె_అల్లుడు | ఆదివారం మధ్యాహ్నం 1:31

నాకు ఫ్యాషన్ కాదు, ఇంట్లో రోజూ నడిచేదే. మా ఆవిడ జపనీస్, అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ వంటింట్లో సన్నగా పాడుకునే పాట ఒకటే, 'అకతొంబో', ఎర్ర తూనీగ. ఎన్నేళ్ళుగానో వింటున్నా, నిరుడు గానీ అర్థం తెలియలేదు.

మొదటి పాదంలో 'ఒవరేతె' అనే మాట ఉంది. నేను 'తరుముతుంటే' అనుకున్నాను. ఎర్రటి సాయంత్రం తూనీగలు పిల్లాడి వెంటపడ్డాయి కాబోలు అని. అత్తగారు నవ్వి, "చిన్నప్పుడు మేమూ అలాగే అనుకున్నాం" అన్నారు. ఆ మాటకి ఇక్కడ అర్థం 'వీపున మోస్తుండగా' అట. ఒకరి వీపు మీద కట్టించుకుని ఉన్న పసివాడు, ఆ భుజం మీదుగా తూనీగని చూశాడు. మోస్తున్నది ఎవరో మూడో చరణందాకా చెప్పరు. తల్లి అనుకుంటాం. కాదు. పిల్లాణ్ణి ఆడించే పనిపిల్ల. పదిహేనేళ్ళకి దానికి పెళ్ళి చేసి పంపేశారు, ఊరినుంచి కబుర్లు కూడా ఆగిపోయాయి అంటుంది ఆ చరణం.

రాసిన మికి రొఫు మా హ్యోగో వాడే, తత్సునో ఊరు, హిమెజి పక్కన. చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి చంటి తమ్ముణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇతన్ని తాతగారింట్లో ఉంచారు. పాట రాసింది 1921లో, అప్పటికి హొక్కయిదోలో ఒక క్రైస్తవ మఠంలో పాఠాలు చెబుతున్నాడు. 1927లో యమద కొసాకు బాణీ కట్టాడు. చివరి చరణంలో కర్ర కొన మీద వాలిన ఎర్ర తూనీగ ఉంటుంది చూశారా, అది అతను బడిపిల్లాడిగా ఉన్నప్పుడు రాసుకున్న హైకూ. తన చిన్నప్పటి ముక్కనే తెచ్చి పెద్దయ్యాక పాటకి చివర అతికించాడన్నమాట.

ఆ తల్లి చాలాకాలం బతికింది. తొత్తోరిలో ఆవిడ సమాధి రాయి మీద 'ఎర్ర తూనీగ తల్లి ఇక్కడ నిద్రిస్తోంది' అని చెక్కించారు. పాటలో తల్లి ఎక్కడా లేదు. నేను ఏడ్చింది అక్కడ.

సరిగపద | ఆదివారం మధ్యాహ్నం 2:40

గుంటూరు నుంచి. వీణ నేర్పిస్తాను, జపనీస్ ఒక్క ముక్క రాదు.

అల్లుడు గారు చెప్పాక 'అకతొంబో' వెతికి విన్నాను. మొదటి వరస వినగానే చేతులు ఆటోమేటిగ్గా మోహన రాగం పట్టేశాయి. స రి గ ప ద, అంతే. మ లేదు, ని లేదు. అక్కడివాళ్ళు ఈ వరసని 'యొనానుకి' అంటారట, అంటే నాలుగూ ఏడూ తీసేసినది. మనం పిల్లలకి మొదట్లో చెప్పే గీతాల్లో 'వరవీణా' కూడా మోహనమే కదా. స్వరాలు ఒకటే అంటున్నాను గానీ రాగం ఒకటే అనడం లేదు, గమకం లేకుండా నిలబెట్టి పాడితే దాని రంగు వేరు. అయినా చెవి మొదట స్వరాలనే గుర్తు పడుతుంది.

మొదటి వరస నా చెవికి అందినట్టు: ప స స రి, గ ప స ద ప, ద స స రి గ. మొదటి ప మంద్రం, అంటే కింది స్థాయి. 'గ ప' తర్వాతి స తారం, అంటే పై స్థాయి, మిగతా స అన్నీ మధ్య స్థాయి. ఎంత దూరం ఎక్కిందో చూడండి, పిల్లల పాట అంటారు గానీ పిల్లల గొంతుకి అంత సులువేం కాదు.

సూటి_మాట గారికి: సబ్‌టైటిల్స్ లేకుండానే విన్నాను.

'ఫురుసాతో' మాత్రం మోహనం కాదు. మొదటి పాదంలోనే మ వచ్చేస్తోంది.

నిహోంగో_లత | ఆదివారం మధ్యాహ్నం 3:02

ఈ లెక్కన ఇంకోటి మోహనమే. 'హొతారు నో హికారి', మిణుగురుల వెలుగు. స్కాట్లాండ్ బాణీకి 1881లో జపనీస్ మాటలు పెట్టి బళ్ళలో నేర్పారు. నాలుగూ ఏడూ లేని బాణీ కాబట్టే జపాన్ చెవికి ఎక్కడా అడ్డం తగల్లేదు. మిణుగురుల వెలుగులో, కిటికీ దగ్గరి మంచు వెలుగులో చదువుకున్న రోజులు గడిచిపోయాయి అంటుంది. మన వీధిదీపం కింద చదువు కథలాంటిదే. బడి చివరి రోజున పాడేవారు. ఇప్పుడు దుకాణాలు మూసే వేళ ఆ బాణీనే మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో వేస్తారు.

నిషికసాయి_శ్రీను | ఆదివారం మధ్యాహ్నం 3:10

అయ్యో, అదా! వచ్చిన కొత్తలో సూపర్ మార్కెట్‌లో ఆ పాట వేస్తే బాగుందే అని తల ఊపుతూ పప్పుల వరసలో నిలబడ్డాను. అందరూ కౌంటర్ వైపు పరిగెడుతుంటే ఏదో ఆఫర్ పెట్టారనుకున్నా.

ఒసాకా_ఆవకాయ | ఆదివారం సాయంత్రం 4:18

ఎవరూ 'కాసన్ నో ఉతా' చెప్పలేదేంటండీ? అమ్మ పాట. 1956, కుబోత సతోషి రాసి బాణీ కట్టారు. ఇల్లు వదిలి టోక్యోలో ఉంటున్న రోజుల్లో ఊరినుంచి వాళ్ళమ్మ పార్సిళ్ళు పంపేదట. ఆ ఊసే ఈ పాట.

మా వార్డు ఆఫీసులో విదేశీయులకి వారానికోసారి జపనీస్ చెబుతారు, చెప్పేవాళ్ళంతా రిటైరైన పెద్దవాళ్ళు. మా టీచరు గారికి డెబ్భై దాటాయి. ఒక చలికాలం ఈ పాట కాగితం అందరికీ పంచారు. అమ్మ రాత్రిళ్ళు మేలుకుని చేతొడుగులు అల్లుతుంది. గాలి చల్లగా ఉందని. ఊరినుంచి ఉత్తరం వస్తుంది, దానికి ఇంటి పొయ్యి వాసన ఉంటుంది. ఇంకో చరణంలో అమ్మ చేతులు చలికి పగిలి ఉంటే పచ్చి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రుద్దుకుంటుంది. టీచరు గారు అక్కడిదాకా వచ్చి ఆగి, "మా అమ్మ నిజంగా రుద్దుకునేది, వాసన వస్తోందని నేను దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు" అన్నారు. తర్వాత టకటకా వ్యాకరణం చెప్పేశారు, ఏమీ జరగనట్టు.

పొయ్యి వాసన అన్నచోట నాకు మా తెనాలి పార్సిల్ గుర్తొచ్చింది. ఆవకాయ డబ్బా చుట్టూ మూడు పాలిథిన్ కవర్లు, పైన పాత పేపరు, దాని పైన పాత చీర ముక్క. నూనె ఎలాగూ కారుతుంది. ఆ చీర ముక్క పారేయకుండా ఉతికి దాచాను, ఎందుకో తెలీదు.

పాత_పోస్ట్‌మాస్టర్ | ఆదివారం సాయంత్రం 5:47

రాజమండ్రి నుంచి. పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. అబ్బాయి ఉద్యోగం టోక్యో పక్కన. కిందటేడు మూడు నెలలు ఉండి వచ్చాం.

వెళ్ళిన రెండో రోజు సాయంత్రం అయిదింటికి ఊరంతా మైకుల్లో ఒక పాట మోగింది. మాటలు లేవు, గంటల్లాంటి శబ్దం. నేను పక్కన గుడేదో ఉందనుకుని దణ్ణం పెట్టాను. కోడలు నవ్వింది. పార్కులో ఆడుకుంటున్న పిల్లలందరూ ఒక్కసారి సైకిళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు, పిలిచిన తల్లి లేదు, తిట్టిన తండ్రి లేదు. మర్నాటినుంచి నాకూ అదే గడియారమైంది. తిరిగొచ్చాక కూడా చాలా రోజులు అయిదింటికి చెవి ఎదురు చూసేది. ఆ పాట ఏదో ఇప్పటికీ తెలియదు. ఎవరికైనా తెలుసా బాబూ?

నిషికసాయి_శ్రీను | ఆదివారం సాయంత్రం 6:20

మాస్టారూ, అది చాలావరకు 'యూయాకే కొయాకే' అయి ఉంటుంది. భూకంపం, సునామీ వస్తే ఊరందరికీ చెప్పడానికి స్తంభాల మీద మైకులు పెట్టి ఉంచుతారు. అవి పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి కదా. పరీక్షగా సైరన్ మోగిస్తే జనం హడలిపోతారని పాట వేస్తారు. ఊరిని బట్టి పాట మారుతుంది, చలికాలంలో కొన్నిచోట్ల నాలుగున్నరకే వేస్తారు.

నిహోంగో_లత | ఆదివారం రాత్రి 8:11

శ్రీను గారు చెప్పింది కరెక్టు. సాయంత్రం ఎర్రబడింది, కొండ మీద గుడి గంట మోగింది, చేతులు పట్టుకుని అందరం ఇంటికి వెళ్దాం, కాకులతో పాటు వెళ్దాం అని పాట. అంటే మాస్టారు గుడి గంట అనుకోవడంలో తప్పేం లేదు.

రాసిన నకమురా ఉకోది టోక్యో పడమట హచియోజి దగ్గర కొండపల్లె. టోక్యోలో బడిపంతులు. స్టేషన్ నుంచి ఊరికి కొండదారిలో చాలా దూరం నడిచి వెళ్ళేవాడు. కుసకావా షిన్ బాణీతో 1923 వేసవిలో అచ్చయింది. సెప్టెంబర్ 1న కాంతో మహా భూకంపం, తర్వాత మంటలు. అచ్చయిన ప్రతులు చాలావరకు కాలిపోయాయి. అప్పటికే చేతులు మారి బయటికి వెళ్ళిన కొద్ది ప్రతులనుంచే పాట మళ్ళీ పుట్టింది. ఇవాళ అదే పాట భూకంపం మైకులు పనిచేస్తున్నాయా లేదా అని చూడడానికి వేస్తున్నారు. ఎవరూ కావాలని చేసింది కాదనుకోండి.

కొత్త_పిట్ట | ఆదివారం రాత్రి 9:30

సబ్బు బుడగల పాట 'షాబొందమా' గురించి ఒక వీడియో చూశాను. కవికి చనిపోయిన కూతురి గురించి రాసిందట! బుడగ పుట్టగానే పగిలి పోయింది అనే చరణం ఆ పాప గురించేనట. వినలేకపోయాను అప్పట్నుంచి.

నిహోంగో_లత | ఆదివారం రాత్రి 9:58

వీడియోలు అంతవరకే చెప్పి ఆపేస్తాయి. కవి నొగుచి ఉజో. ఆయన మొదటి కూతురు 1908లో పుట్టి పదిరోజులైనా తిరక్కుండానే పోయింది, అది నిజం. పాట వచ్చింది 1920ల మొదట్లో. ఇంకో కూతురు పోయింది 1924లో, అంటే పాట వచ్చేసిన తర్వాత. చాలా కథల్లో ఈ ఇద్దరినీ కలిపేస్తారు. ఈ పాట ఫలానా బిడ్డ గురించి అని ఉజో ఎక్కడా చెప్పలేదు. అదే కవి రాసిన ఎర్రబూట్ల పాప పాటకీ ఇలాగే ఒక నిజమైన అమ్మాయిని వెతికి పెట్టారు, దాని మీద కొట్లాట ఇంకా నడుస్తూనే ఉంది. యొకొహామా పార్కులో బొమ్మ మాత్రం నిలబెట్టేశారు.

కొత్త_పిట్ట గారూ, పాట వినడం మానకండి. "గాలీ, వీచకు, బుడగలు ఎగరనీ" అన్న చివరి పాదానికి కథ అవసరం లేదనే నాకనిపిస్తుంది.

సూటి_మాట | ఆదివారం రాత్రి 10:15

ఇదే నేను అంటున్నది. పాటకి చావు కథ తగిలిస్తే గానీ జనానికి ఏడుపు రాదు.

ఫుకుఓకా_రీసెర్చర్ | సోమవారం ఉదయం 7:40

సూటి_మాట గారికి కథ తగిలించనవసరం లేని పాట చెప్తాను. క్యూషూలో కుమమొతో కొండల్లో ఇత్సుకి అనే ఊరి జోలపాట. జోలపాట అంటే మనకి తల్లి, ఉయ్యాల, చందమామ. ఇది బిడ్డ కోసం పాడింది కాదు. పేద ఇళ్ళ ఆడపిల్లల్ని పదేళ్ళు నిండకముందే కూటికీ బట్టకీ కలిగిన ఇళ్ళలో పిల్లల్ని మోసే పనికి పెట్టేవారు. వాళ్ళు తమకోసం పాడుకున్నది ఇది. నేను బోన్ పండగ (వేసవిలో పోయిన పెద్దల్ని తలుచుకునే పండగ) దాకానే, ఆ తర్వాత ఇక్కడ ఉండను, పండగ తొందరగా వస్తే తొందరగా ఇంటికి పోతాను. నేను చచ్చిపోతే ఎవరు ఏడుస్తారు? వెనక కొండ మీద కీచురాళ్ళు ఏడుస్తాయి. ఇలా సాగుతుంది.

కోబె_అల్లుడు గారు చెప్పిన పాటలో పదిహేనేళ్ళకి పెళ్ళి చేసి పంపేసిన పిల్ల ఉంది కదా. ఆ పాట వీపు మీది పిల్లాడిది. ఈ పాట మోసిన పిల్లది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి ఒకసారి.

కోబె_అల్లుడు | సోమవారం ఉదయం 8:25

ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ. ఇన్నాళ్ళూ ఆ పిల్లాడి వైపే నిలబడి విన్నాను.

ఆనిమే_బాబు | సోమవారం ఉదయం 11:03

లతక్కా, బడి వదిలేరోజు ఇప్పటి పిల్లలు ఏం పాడతారు? మిణుగురుల పాటేనా?

నిహోంగో_లత | సోమవారం ఉదయం 11:40

ఇప్పుడు ఎక్కువగా 'తబిదాచి నో హి ని', ప్రయాణమయ్యే రోజున అని. దీని కథ నీకు తెలిస్తే ఎగిరి గంతేస్తావు తమ్ముడూ. 1991. సైతమాలో చిచిబు ఊళ్ళో కగెమొరి అనే మిడిల్ స్కూలు. ఆ ఏడే రిటైరవుతున్న హెడ్‌మాస్టర్ కొజిమా నొబోరు మాటలు రాశారు. బడిలో సంగీతం టీచరు వాటిని చేతికి తీసుకుని పావుగంటలో బాణీ కట్టేసిందని చెబుతారు. వెళ్ళిపోయే పిల్లల ముందు టీచర్లంతా వరసగా నిలబడి పాడారు. ఆ ఒక్కరోజు కోసమే అనుకున్నారు. పక్క బళ్ళు అడిగి తీసుకున్నాయి, ఆ తర్వాత దేశమంతా పాకింది.

చిచిబు. నీ 'అనోహనా' ఏ ఊరు?

ఆనిమే_బాబు | సోమవారం ఉదయం 11:42

చిచిబూనే 😭 ఆ వంతెన, ఆ గుడి అన్నీ అక్కడివే. ఒకే చిన్న ఊరు రెండు తరాల్ని ఏడిపిస్తోందన్నమాట.

పాత_పోస్ట్‌మాస్టర్ | సోమవారం మధ్యాహ్నం 3:15

మా మనవడు ఏనుగు పాట ఒకటి పాడతాడు, 'జో-సాన్ జో-సాన్' అని. అది కూడా ఏడుపు పాటేనా, దాన్నైనా వదిలేశారా?

నిషికసాయి_శ్రీను | సోమవారం సాయంత్రం 6:50

వదల్లేదు మాస్టారూ, పైగా అందులో మనమూ ఉన్నాం! ఏనుగుగారూ మీ ముక్కు పొడుగ్గా ఉందే అంటే, అవును, మా అమ్మదీ పొడుగే అంటుంది పిల్ల ఏనుగు. రాసింది మాదొ మిచియో, బాణీ దన్ ఇకుమా. ముక్కు చూసి ఎవరో ఎగతాళి చేస్తే పిల్ల ఏనుగు గర్వంగా ఇచ్చిన జవాబు అది అని మాదొ గారే చెప్పారట. నేను అది పొగడ్త అనుకునేవాణ్ణి.

ఈ పాట 1950ల మొదట్లోది. అంతకు ముందు యుద్ధంలో, 1943లో, బాంబులు పడితే జంతువులు బయటికొస్తాయని టోక్యో ఉఎనో జూలో ఏనుగులకి తిండి మాన్పించి చంపేశారు. యుద్ధమయ్యాక పిల్లలు ఏనుగు కావాలని నెహ్రూకి ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన మైసూరు నుంచి ఒక ఏనుగుని పంపారు, కూతురి పేరే పెట్టి, ఇందిర అని. ఆ ఏనుగు 1983 దాకా బతికింది. పోస్టులో వెళ్ళిన ఉత్తరాల పుణ్యం మాస్టారూ, మీ డిపార్ట్‌మెంటే.

పాత_పోస్ట్‌మాస్టర్ | సోమవారం సాయంత్రం 7:05

ఆ ఒక్క మాటకి సంతోషం బాబూ. ఉత్తరం చేరిందని తెలిస్తే చాలు.

సూటి_మాట | సోమవారం రాత్రి 8:30

రెండు రోజులుగా చదువుతున్నాను. నా అభిప్రాయం మారలేదు. ఏడుపు పాటలో లేదు, వినేవాడి వయసులో ఉంది. నలభై దాటితే టూత్‌పేస్ట్ ప్రకటన పాటకి కూడా వస్తుంది. నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఏ ప్రకటనో అడక్కండి.

నిషికసాయి_శ్రీను | మంగళవారం రాత్రి 10:20

అప్‌డేట్. ఇవాళ బుచో ఆఖరి రోజు. బల్ల ఖాళీ చేస్తున్నారు, రెండు అట్టపెట్టెలే అయ్యాయి. సాయం చేసే వంకతో వెళ్ళి, మా పాప కుందేలు రుచి సంగతి చెప్పాను. పెద్దగా నవ్వారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వడం చూశాను. ఆయనా చిన్నప్పుడు అదే అనుకున్నారట. "మా ఊళ్ళో నిజంగానే తినేవాళ్ళు, అందుకని నాకు అనుమానం కూడా రాలేదు" అన్నారు.

ఆ తర్వాత ఆయనే ఎత్తారు ఆ రోజు విషయం. ఆయనది పడమటి జపాన్‌లో షిమానే కొండల్లో పల్లె. అమ్మా నాన్నా పోయారు. ఇల్లు ఎవరూ లేక తాళం పడి ఉంది, అకియా అంటారు ఇక్కడ, అలాంటి ఇళ్ళు పల్లెల్లో వరసగా ఉంటాయి. చదివిన బడి మూసేశారు. నేను తెలివితక్కువగా, "అమ్మా నాన్నల చరణం దగ్గర గుర్తొచ్చారా" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

"అది పాడగలను. దాని తర్వాత ఏ చరణం వస్తుందో గుర్తొచ్చింది. అందుకే మైకు ఇచ్చేశాను."

అనుకున్నది సాధించి ఎప్పటికైనా తిరిగి వెళ్తాను. లత గారు రాసిన మూడో చరణం. పెట్టెలు లిఫ్టు దాకా మోశాను. ఆయన వెళ్ళేది టోక్యో పక్కనే చిబాలో కొడుకు ఇంటికి.

ఒసాకా_ఆవకాయ | మంగళవారం రాత్రి 10:41

శ్రీను గారూ, ఇది ఆఫీసు నుంచి వచ్చే రైల్లో చదివాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

నిహోంగో_లత | మంగళవారం రాత్రి 11:15

రాసిన తకానో మాత్రం చివరికి వెళ్ళాడు. ముసలితనంలో సొంత ఊరికి దగ్గరే నొజావా అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో ఉన్నాడు, 1947లో అక్కడే పోయాడు. టోక్యోలో ఆయన యొయొగి ఇంటి దగ్గరి వాగు మీద రాసిందంటారు 'హరు నో ఒగావా' పాట, వసంతంలో సెలయేరు గలగలా పోతోంది అని. ఆ వాగు ఇప్పుడు షిబుయా రోడ్ల కింద కాంక్రీటు గొట్టంలో పోతోంది.

సరిగపద | బుధవారం ఉదయం 6:55

నిన్న సాయంత్రం 'అకతొంబో' వీణ మీద పూర్తిగా వాయించాను, నాలుగు చరణాలూ. మా నానమ్మకి ఎనభై ఆరు. వినికిడి తక్కువ, అయినా వీణ దగ్గరికి కుర్చీ జరుపుకుని కూర్చుంది. అయిపోయాక, "మోహనమే కదా, ఎవరి కీర్తనే ఇది, ఎప్పుడూ వినలేదు" అంది. జపాన్‌వాళ్ళది నానమ్మా, పనిపిల్ల వీపు మీద ఉన్న పసివాడి పాట అని గట్టిగా అరిచి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత ఒక పేరు చెప్పింది. నేను ఎప్పుడూ వినని పేరు. తనని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్లట, రేపల్లె వైపు ఎవరికో ఇచ్చి చేశారట.

"మళ్ళీ వాయించు" అంది.

పాత_పోస్ట్‌మాస్టర్ | బుధవారం ఉదయం 7:20

అమ్మాయ్, రెండో వరస స్వరాలు కూడా రాసి పెట్టు. మా ఇంట్లో హార్మోనియం ఉంది.